ఖాళీ జాగా ఎవరి ఖాతాలో ఉంది?

2025 ఏప్రిల్ మొదటి వారంలో మా టీమ్ వాట్సప్ గ్రూపు చూసినవాడెవడైనా మేమంతా అటవీ శాఖలో పనిచేస్తున్నామనుకునేవాడు. నెమళ్ళు, జింకలు, రాత్రిపూట లైట్ల వెలుతుర్లో జేసీబీలు. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు వేలం వేయడానికి చెట్లు కొట్టేస్తున్నారని అందరం గుండెలు బాదుకున్నాం. నేనూ నాలుగు బొమ్మలు ఫార్వర్డ్ చేశాను. అలా తిరిగినవాటిలో కొన్ని ఏఐతో చేసినవని తర్వాత తెలిసింది, అది వేరే కథ. సుప్రీం కోర్టు తనంతట తానే కేసు తీసుకుని ఏప్రిల్ 3న పనులు ఆపమంది. అందరం చప్పట్లు కొట్టాం. నెల తిరక్కుండా అదే గ్రూపులో ఒకాయన ప్రీలాంచ్ ఆఫర్ ఫ్లయ్యరు పెట్టాడు. దానికీ నాలుగు బొటనవేళ్ళు లేచాయి :-)

అదీ మన పర్యావరణ కార్యక్రమం. జేసీబీ వచ్చాక ఏడవడం, కోర్టు ఆపితే పండగ చేసుకోవడం, ఆ తర్వాత ప్లాటు వెతుక్కోవడం. నన్ను కూడా కలుపుకునే అంటున్నా, కోపగించుకోకండి.

ఇంతకీ ఈ టపా ఎందుకంటే, నేను 2022 నుంచి రెండేళ్ళు కొలరాడోలో ఆన్‌సైట్‌లో ఉన్నాను. ఆఫీసు బౌల్డర్ అనే ఊళ్ళో. ఊరికి పడమటగా ఫ్లాటిరన్స్ అని ఏటవాలు బండలు, వాటికింద పైన్ చెట్లు, ఊరి చుట్టూ గడ్డి మైదానాలు. వెళ్ళిన కొత్తలో నేను అనుకున్నది మనవాళ్ళందరూ అనుకునేదే: "అమెరికా వాడికి భూమికేం కొదవ, అందుకే వదిలేశాడు".

వదిలెయ్యలేదు మహాశయా, కొన్నాడు. ఎకరం ఎకరం బేరమాడి, డబ్బిచ్చి, రిజిస్టర్ చేయించుకుని కొన్నాడు.

ఈ విషయం నాకు తెలిసింది రైస్ కుక్కర్ కొన్నప్పుడు. బిల్లు మీద తొమ్మిది శాతం దాకా అమ్మకం పన్ను చూసి గొణుక్కుంటుంటే పక్కన ఉన్న మా టీమ్ పెద్దాయన కొండ వైపు చూపించి "అందులో కొన్ని సెంట్లు దానికి" అన్నాడు. జోకనుకున్నాను. ఇంటికెళ్ళి వెతికితే నిజమే. ఆ ఊళ్ళో 100 డాలర్ల సరుకు కొంటే 40 సెంట్లు కచ్చితంగా ఓపెన్ స్పేస్ ఖాతాలోకి వెళ్తాయి. 1967లో ఆ ఊరి జనం ఓటేసి తమ మీద తామే వేసుకున్న పన్ను అది. దానికి గడువు తేదీ లేదు. ఓపెన్ స్పేస్ కొనడం కోసమే పన్ను వేసుకోడానికి ఓటేసిన మొదటి అమెరికన్ నగరం అదేనంటారు. చాలక 1989లో ఇంకో 0.33 శాతం కొన్నేళ్ళ గడువుతో వేసుకున్నారు. ఈ రోజున నగరం చేతిలో ఉన్నది 46,000 ఎకరాల పైమాటే. అంటే ఊరికంటే ఊరి చుట్టూ కాపాడిన నేల రెండున్నర రెట్లు.

"వాళ్ళకి బుద్ధి పుట్టింది, మనకి పుట్టలేదు" అని ఇక్కడితో ఆపేస్తే ఇది ఇంకో ఎన్నారై సొద అవుతుంది. నేను చెప్పబోయేది బుద్ధి గురించి కాదు. వాళ్ళూ ముందు మనలాగే రూలుతో మొదలెట్టారు. రూలు చాలదని తెలుసుకున్నారు. ఆ తెలుసుకోవడం దగ్గరే మనం ఆగిపోయాం.

కథ ఇదీ. 1898లోనే ఊరి జనం ఓటేసి, బాండ్లు జారీ చేసి కొండ పాదం దగ్గర 80 ఎకరాలు కొన్నారు. తర్వాత చాలా ఏళ్ళు పెద్ద గొడవ లేదు. 1950ల్లో యూనివర్సిటీ పెరిగి, కంపెనీలు, ల్యాబులు వచ్చి ఊరు ఉబ్బడం మొదలైంది. ఇళ్ళు కొండ ఎక్కుతున్నాయి. అప్పుడు ఆల్ బార్ట్‌లెట్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు, ఇంకో ప్రొఫెసరు బాబ్ మెకెల్వీ, మరికొందరు కలిసి మ్యాపు మీద ఒక గీత గీశారు. సముద్ర మట్టానికి 5,750 అడుగుల పైన నగరం నీళ్ళు ఇవ్వదు, అంతే. "కట్టుకోవద్దు" అనలేదు, "కట్టుకో, నీళ్ళు మాత్రం అడక్కు" అన్నారు. 1959లో జనం ఓటేసి దీన్ని నగర చార్టర్లో రాయించారు. దాని పేరు బ్లూ లైన్.

మంచి ఐడియా కదా? రెండేళ్ళు తిరక్కుండా, 1961లో ఒక జాతీయ వాతావరణ పరిశోధనా కేంద్రం కోసం ఆ గీత పైన నీళ్ళివ్వడానికి మినహాయింపు అడిగితే జనమే ఓటేసి ఇచ్చారు. కారణం మంచిదే, కానీ ఒక సంగతి తేలిపోయింది. గీతకి మినహాయింపు ఉంటుంది. వెంటనే ఎన్చాంటెడ్ మేసా అనే గుట్ట మీద ఖరీదైన హోటల్ కట్టే ప్రతిపాదన వచ్చింది. ఈసారి రూలు వెతకలేదు. 1962లో బాండ్లకి ఓటేసి ఆ గుట్టనే కొనేశారు. ఒక్కో గుట్టకీ ఒక్కో ఉద్యమం చేస్తూ పోతే ఎన్నాళ్ళని, 1967లో శాశ్వతంగా పన్ను పెట్టుకున్నారు.

ఉద్యమం నుంచి పద్దులోకి వెళ్ళడానికి వాళ్ళకి పట్టింది ఎనిమిదేళ్ళు. ఆ పద్దు ఎలా నడుస్తుందో చూడండి, మన వృత్తివాళ్ళకి సులువుగానే అర్థమవుతుంది.

మొదటిది, డబ్బు విడి ఖాతా. ఎన్నికల ఏడాదని రోడ్లకి మళ్ళించడానికి కుదరదు.

రెండోది, కొనే తీరు. ప్రతిసారీ మొత్తం భూమి కొననక్కర్లేదు. కొన్నిచోట్ల రైతు దగ్గర కట్టడం కట్టే హక్కు మాత్రం కొంటారు. పొలం అతనిదే, సాగూ అతనిదే, కానీ దాని మీద ఇక విల్లాలు లేవవు. ఆ హక్కు పోయినందుకు అతనికి డబ్బు ముట్టింది. నీళ్ళ హక్కులు కూడా కొంటారు, ఎందుకంటే అక్కడ నీళ్ళు లేని పొలం నాలుగేళ్ళలో బీడు. కొన్న భూమిలో సుమారు 15,000 ఎకరాలు మళ్ళీ రైతులకీ పశువులు మేపేవాళ్ళకీ కౌలుకిచ్చారు. ఓపెన్ స్పేస్ అంటే కంచె వేసి తాళం పెట్టడం కాదు.

మూడోది, నిర్వహణ. ఏటా ఫిబ్రవరి 1 నుంచి జులై 31 దాకా కొన్ని బండల మీదికి మనుషుల్ని రానివ్వరు, గద్దలు, డేగలు గూళ్ళు పెట్టే కాలమని. గొలుసు లేకుండా కుక్కని తిప్పాలంటే కుక్క మన మాట వింటుందన్న షరతుకి ఒప్పుకుని ట్యాగు తీసుకోవాలి. చదివితే నవ్వొస్తుంది గానీ కార్యక్రమం అంటే ఇదే. కొన్న రోజు రిబ్బను కత్తిరించడం కాదు, యాభై ఏళ్ళు రోజూ ఇలాంటి చిల్లర పనులు చేస్తూ కూర్చోవడం.

నాలుగోది అసలైంది. అమ్మడం. ఇది చదివి నేను నిజంగా కుర్చీలోంచి లేచాను. ఆ భూమిలో ముక్క అమ్మాలన్నా, లీజుకివ్వాలన్నా, ఇంకోదానితో మార్చాలన్నా ముందు బహిరంగ విచారణ పెట్టాలి. జీతం లేని ఐదుగురు సభ్యుల ఓపెన్ స్పేస్ బోర్డులో కనీసం ముగ్గురు ఒప్పుకోవాలి. ఆ తర్వాత నగర కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక కూడా 60 రోజులు ఆగాలి. ఆ 60 రోజుల్లో ఓటర్లలో 5 శాతం మంది సంతకాలు పెట్టి అడిగితే మొత్తం ఊరు ఓటెయ్యాలి. 1986లో జనం ఓటేసి ఓపెన్ స్పేస్ రక్షణని చార్టర్లో గట్టి చేసుకున్నారు.

మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్ డేటాబేసులో డిలీట్ పర్మిషన్ ఒక్కడి చేతిలో పెట్టలేదు. ఇద్దరు అప్రూవర్లు, 60 రోజుల కూలింగ్ పీరియడ్, ఆపైన యూజర్ల చేతిలో వీటో. మన చిన్న మాడ్యూల్‌కి కూడా రివ్యూ లేకుండా కోడ్ మెర్జ్ చెయ్యనివ్వం కదా, మరి చెరువుకీ గుట్టకీ?

ఇక మన ఊరికి రండి.

మనకీ ఒక బ్లూ లైన్ ఉండేది. పేరు జీవో 111. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లని కాపాడటానికి 1996 మార్చిలో వచ్చింది. 10 కిలోమీటర్ల పరిధి, 84 గ్రామాలు, దాదాపు లక్షా 32 వేల ఎకరాలు. 2000లో సుప్రీం కోర్టు కూడా దాన్ని సమర్థించింది. బౌల్డర్ మొత్తం కొన్నదానికి మూడు రెట్లు మనం ఒక్క కాగితంతో కాపాడేశాం. ఖర్చు? సున్నా!

ఆ సున్నా దగ్గరే ఉంది తిరకాసు. ఖర్చు సున్నా కాదు, మనం కట్టలేదు, అంతే. కట్టినవాడు మొయినాబాద్ రైతు. గీతకి అవతల కోకాపేటలో 2023 ఆగస్టులో వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. గీతకి ఇవతల రైతు పాతికేళ్ళు చూస్తూ కూర్చున్నాడు. నగరానికి నీళ్ళు కావాలి, గాలి కావాలి, ఆదివారం పూట గండిపేటలో ఫొటోలు కావాలి. వాటి ధర మాత్రం అతని పిల్ల పెళ్ళిలోంచి, పిల్లాడి చదువులోంచి పోవాలి. ఏ ప్రభుత్వమైనా "మీ హక్కు నిలిపేస్తున్నాం, ఇదిగో దాని ఖరీదు" అందా? అననప్పుడు ఆ రైతు జీవో పోవాలని కోరుకుంటే తప్పెలా అవుతుంది? మనమైతే మూడు నెలలు హైక్ ఆపితేనే రెజ్యూమె బయటికి తీస్తాం.

కాబట్టి ఓట్లడిగే ప్రతివాడికీ "111 ఎత్తేస్తాం" అనేది తేలికైన వాగ్దానమైంది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించారు. 2023 మేలో 111ని పూర్తిగా రద్దు చేస్తామని మంత్రివర్గం నిర్ణయించింది. 26 ఏళ్ళ రక్షణ ఇంకో కాగితంతో వీగిపోయింది. బోర్డు లేదు, 60 రోజులు లేవు, మనల్ని అడిగింది లేదు. జీవోతో వచ్చింది జీవోతోనే పోతుంది. ఏ పార్టీ అని అడక్కండి. ఎవరున్నా ఇదే జరిగేది, ఎందుకంటే అలా జరగడానికి అడ్డమేదీ మనం పెట్టలేదు.

కంచ గచ్చిబౌలి ఇంకా ఘోరం. అక్కడ కొనాల్సిన పని కూడా లేదు. 2003-04లో ఒక ప్రైవేటు సంస్థకిచ్చి, 2006లో వెనక్కి తీసుకుని, 2024లో కోర్టులో గెల్చిన ప్రభుత్వ భూమి. గెలవగానే అది వెళ్ళింది పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఖాతాలోకి. ఆ సంస్థ పనే భూమి పెట్టి పరిశ్రమలు తేవడం. దాని చేతికిచ్చి "కాపాడు" అంటే ఎలా? మన నగరంలో ఓపెన్ స్పేస్ అని ఒక ఖాతా, దానికో యజమాని, దాన్ని అడగడానికో బోర్డు ఉంటే ఆ 400 ఎకరాల మీద కనీసం వాదనైనా ముందు జరిగేది. లేదు గనక సెలవులు కలిసొచ్చినప్పుడు జేసీబీలు ముందొచ్చాయి, వాదన తర్వాత వచ్చింది.

అసలు మన మాటల్లోనే ఉంది చూడండి. కంచ అంటే పశువులు మేసే నేల. పోరంబోకు అంటే ఏ ఒక్కరి పట్టా కాని ఉమ్మడి భూమి. మొదటి మాట మనకి స్టేషన్ పేరులా అయిపోయింది, రెండోది తిట్టు అయిపోయింది. మిగిలిన మాట "ఖాళీ జాగా". ఖాళీ అన్నాక ఎవడో ఒకడు నింపాలనే చూస్తాడు.

ఇప్పుడు నా సంగతి. ఇది రాయకపోతే పైదంతా నీతులు చెప్పడమే అవుతుంది.

2009లో నాన్న అవుటర్ రింగ్ రోడ్డు అవతల 200 గజాల ప్లాటు కొన్నారు. నాకప్పుడు పదకొండేళ్ళు. కంపెనీ వాళ్ళే కారులో తీసుకెళ్ళారు, సమోసా, కూల్‌డ్రింకు ఇచ్చారు. రాళ్ళు పాతిన చేలో నిలబడి ఏజెంటు చెయ్యి చాపి, "ఇక్కడ పార్కు సార్, బాబు ఇక్కడే ఆడుకుంటాడు" అన్నాడు. బ్రోచర్లో అక్కడ ఆకుపచ్చ రంగు వేసుంది. లేఅవుటుకి అనుమతి లేదని నాన్నకి తెలుసు. అందుకే గజం చౌకగా వచ్చింది. లేఅవుటులో పది శాతం ఓపెన్ స్పేస్‌గా వదిలి స్థానిక సంస్థకి అప్పజెప్పాలని నిబంధన. మా లేఅవుటులో ఆ ఆకుపచ్చ ముక్క కూడా నాలుగేళ్ళలో ప్లాట్లయిపోయింది. ఎవరూ నోరెత్తలేదు. పక్క ప్లాట్ల రేటు పెరిగితే మాదీ పెరిగినట్టే కదా!

2020లో ఎల్ఆర్ఎస్‌కి వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాం. 2025లో 25 శాతం రాయితీ అంటే వెళ్ళి మిగతాది కట్టాను. డిమాండ్ కాగితంలో ఒక వరస: ఓపెన్ స్పేస్ చార్జీలు, ప్లాటు విలువలో 14 శాతం. అంటే మీ లేఅవుటులో పార్కు వదల్లేదు కాబట్టి దాని బదులు డబ్బు కట్టండని. కౌంటరు దగ్గర కూర్చున్నాయన్ని అడిగాను, "అన్నా, ఈ పైసలతోటి పార్కు ఎక్కడ కొంటరు?"

ఆయన కోప్పడలేదు. నన్ను కాస్త జాలిగా చూసి, "సార్, మీకు రెగ్యులరైజేషన్ కావాల్నా, పార్కు కావాల్నా?" అన్నాడు.

నేను రెగ్యులరైజేషనే కావాలన్నాను. కట్టేసి బయటికొచ్చాను.

ఆ ప్రశ్నే నన్ను ఇన్నాళ్ళుగా తినేస్తోంది. ఎందుకంటే దానికి మనందరి జవాబూ నాదే. చూడండి, ఓపెన్ స్పేస్ పేరు మీద డబ్బు కట్టించుకోవడం మనకీ తెలుసు. 14 శాతం! బౌల్డర్ వాడు వేసుకున్నది 0.4. మన దగ్గర లేనిది ఆ డబ్బుతో ఏ సర్వే నంబరు కొన్నారో చూపించమని అడిగే జనం. అలా అడగాలంటే ముందు మన ప్లాటు కాగితం మనమే వెలుతుర్లో పెట్టాలి. అందుకే అడగం.

"వాళ్ళు డబ్బున్నవాళ్ళు" అంటారా? 1960లో బౌల్డర్ జనాభా 38 వేల లోపు. మన ఒక్క ఐటీ పార్కులో అంతకంటే ఎక్కువమంది లంచ్ చేస్తారు. కోకాపేటలో ఆ ఒక్క వేలంలో 45 ఎకరాలకి 3,300 కోట్ల పైన వచ్చింది. డబ్బు లేని ఊరా ఇది? మనం ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం కడుతున్నాం. కోటి రూపాయల ఫ్లాటు మీద 0.4 శాతం అంటే 40 వేలు. మాడ్యులర్ కిచెన్‌లో ఒక అల్మరా ఖర్చు.

"ఓపెన్ స్పేస్ పిచ్చితో బౌల్డర్లో ఇళ్ళు మిలియన్ డాలర్ల దరిదాపుల్లోకి పోయాయి" అంటారా? ఇది గట్టి మాట, ఒప్పుకుంటా. నేనే అక్కడ ఉండలేక లాంగ్‌మాంట్‌లో ఉండి బస్సులో వచ్చేవాణ్ణి. టీచర్లు, నర్సులు, వంటవాళ్ళు వేలమంది రోజూ బయటినుంచే వస్తారు. కానీ వాళ్ళు ఊరి చుట్టూ కొనడంతోపాటు 1971లో భవనాల ఎత్తు 55 అడుగులు దాటకూడదన్నారు. 1976లో ఇళ్ళ పెరుగుదలకీ పరిమితి పెట్టారు. పక్కకీ పోనివ్వక పైకీ పోనివ్వకపోతే రేటే పైకి పోతుంది. ఆ తప్పు మనం చెయ్యలేం లెండి, హైదరాబాదులో 2006 నుంచి అంతస్తులకి ఎఫ్ఎస్ఐ పరిమితే లేదు. యాభై అంతస్తులు కట్టుకోండి. పైకి వెళ్ళే ప్రతి అంతస్తూ కింద కొంత నేల కొనిపెట్టాలి, అంతే.

"మనవాళ్ళు ఆ డబ్బూ తినేస్తారు" అంటారా? సరిగ్గా అందుకే ఆ తాళాలు. బౌల్డర్ వాళ్ళు తమ కౌన్సిలర్లు దేవుళ్ళని నమ్మి ఆ చార్టర్ రాయలేదు, నమ్మక రాశారు.

కాబట్టి నేనడిగేది మూడే. ఒకటి, ఎల్ఆర్ఎస్‌లో వసూలైన ఓపెన్ స్పేస్ చార్జీలు ఏ ఖాతాలో ఉన్నాయో, వాటితో కొన్న ప్రతి గజం సర్వే నంబరుతో సహా పోర్టల్లో పెట్టాలి. కొనకపోతే కొనలేదని పెట్టాలి. రెండు, చెరువుల ఎగువన భూమి ఆపాలనుకుంటే రైతు దగ్గర కట్టే హక్కు డబ్బిచ్చి కొనాలి, దానికి మన రిజిస్ట్రేషన్ల మీద చిన్న శాతం వెయ్యాలి. మూడు, అలా కొన్నదీ, ఇప్పటికే ప్రభుత్వానిదై ఉన్నదీ జీవోతో కాక శాసనసభ చేసిన చట్టంతో ఒక బోర్డు పేర రాయాలి. అమ్మాలంటే బహిరంగ విచారణ, గడువు, మళ్ళీ సభలో ఓటు ఉండాలి. మనకి రెఫరెండం లేదు, సరే. కనీసం పట్టపగలు, అందరి ముందూ అమ్మేలా చేద్దాం.

2024లో పెట్టిన హైడ్రా చెరువుల్లో కట్టినవి కూలుస్తోందంటే మనం ఈలలు వేశాం. కూల్చడం కట్టిన తర్వాత సంగతి. నేనడిగేది కట్టకముందు సంగతి.

నన్ను తిట్టాలనుకునేవాళ్ళు తప్పకుండా తిట్టండి. కాకపోతే తిట్టేముందు బీరువాలోంచి మీ లేఅవుటు బ్రోచరు తీసి అందులో ఆకుపచ్చ రంగు వేసిన చోట ఇప్పుడేముందో ఒక్కసారి వెళ్ళి చూసి రండి. మాదాంట్లో ఇప్పుడు రెండంతస్తుల ఇల్లుంది. గేటు పక్కన కుండీలో ఒక క్రోటన్ మొక్క కూడా ఉంది.